మునసబు మనవడు చదివిన హాజరు

ఓబులేసుకు కువైట్లో సొంత పేరు లేదు. పదకొండేళ్లుగా ఆయన "కోయదొర". ఫహాహీల్ బస్టాపులో నిలబడితే చాలు, వెనక నుంచి ఎవడో ఒకడు "దొరా, సెయ్యి సూడు దొరా!" అని కేకేస్తాడు. ఆయన తిరిగి ఒక కన్ను మూసి, మెడ వంకర పెట్టి, "కొండదేవర పలుకుతాంది సామీ, నీ పెండ్లాం నీ మాట ఇనదు సామీ" అంటాడు. బస్సు కోసం నిలబడ్డ వాళ్లంతా పడీపడీ నవ్వుతారు. పొద్దున్నుంచీ ఎండలో పైపులు మోసి వచ్చినవాళ్లు కూడా నవ్వుతారు. ఆ నవ్వంటే ఓబులేసుకు ప్రాణం.

ఊరు రాయచోటి దగ్గర. ఇంటర్ తప్పాడు. కొన్నాళ్లు ట్రాక్టరు తోలాడు, కొన్నాళ్లు ఏమీ తోలలేదు, చివరికి వీసా దొరికితే ఇక్కడికొచ్చి పడ్డాడు. సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. పిల్లల్ని బడిలో దింపడం, ఇంటామెను షాపింగుకు తీసుకెళ్లడం, మధ్యలో గంటల తరబడి కారులో కాచుకుని కూర్చోవడం. ఇంటామెను పనివాళ్లందరూ మామా అంటారు, అరబ్బులో అమ్మ అని. ఆమె ఓబులేసు కంటే ఆరేళ్లు చిన్న.

ఏడాదికొక్క సాయంత్రం మాత్రం ఆయన రాజు. తెలుగు సంఘం వార్షికోత్సవంలో ఆఖరి ఐటం ఎప్పుడూ కోయదొరదే. ముందే పెడితే అది చూసి జనం లేచిపోతారని సంఘం అధ్యక్షుడు ఆంజనేయప్రసాద్ భయం. మొహానికి మసి, మెడలో ప్లాస్టిక్ పూసలు, తలకు ఈకల పట్టీ. ఆ పట్టీని ఫహాహీల్లో బొమ్మల షాపులో కొన్నాడు. ప్యాకెట్టు మీద ఎవరో అమెరికా ఆదివాసి బొమ్మ ఉండేది, ఆ మనిషిది ఏ జాతో ఓబులేసుకు తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. ఈకలున్నాయి, అది చాలు. స్టేజీ మీద అధ్యక్షుడు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపుతాడు. ఓబులేసు జాతకం చెబుతూ చెబుతూ ఆయన చేతి వాచీ ఊడదీసి తన గోచీలో దోపుకుంటాడు. పిల్లలు "అంకుల్, వాచీ! వాచీ!" అని గొంతు చించుకుంటారు. అధ్యక్షుడు ఏమీ తెలియనట్టు నవ్వుతుంటాడు. అర్దియాలో గ్యారేజీ మెకానిక్ నాగరాజు డప్పు వాయిస్తాడు. చప్పట్లతో హాలు దద్దరిల్లుతుంది.

కోయలెవరో, ఎరుకలెవరో, యానాదులెవరో ఆ హాల్లో పదకొండేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఇంజనీర్లు అడగలేదు, డాక్టర్లు అడగలేదు. ఓబులేసూ అడగలేదు. అన్నీ కలిపి ముద్ద చేసి మసి పూస్తే సరిపోయింది. ఆఖర్న దొంగతనముండాలి, అంతే.

ఆ నవ్వు వేలిముద్రల దగ్గర ఆగిపోయింది.

అది కువైట్లో ఉన్నవాళ్లంతా వేలిముద్రలివ్వాలని గడువు పెట్టిన సంవత్సరం. డిసెంబరు దాటితే పనులన్నీ ఆగిపోతాయని జనం సెంటర్ల ముందు బారులు తీరారు. మామా ఇంట్లో వంటా, ఊడ్పూ చేసే మునిలక్ష్మిని తీసుకెళ్లే పని ఓబులేసుకు పడింది. ఆమెది రైల్వేకోడూరు పక్క. ముప్పై అయిదేళ్లుంటాయి. తక్కువ మాటల మనిషి. ఆ ఇంట్లో తెలుగు తెలిసినవాళ్లు వీళ్లిద్దరే, ఆమె ఆయన్ని "అన్నా" అంటుంది.

లోపలికి పోయిన మనిషి గంటకు గానీ రాలేదు. వచ్చి వెనక సీట్లో కూర్చుని తలుపేసుకుంది. ఏళ్ల తరబడి క్లోరాక్స్‌తో నేలలు తుడిచిన వేళ్లు నున్నగా అరిగిపోయి మిషను మీద గీత పడటం లేదట. నాలుగుసార్లు నొక్కించారట. క్రీము రాసుకుని రెండు వారాలాగి మళ్లీ రమ్మన్నారట. చెబుతుంటే ఆమె గొంతు వణికింది. ఓబులేసుకు వణుకు వినిపించలేదు, జోకు ఒకటి తట్టింది.

"ముద్రలు పడకుండా బాగానే అరగదీసుకున్యావే మునిలక్ష్మీ! ఎవురింటికి కన్నమేసినావు, నిజం చెప్పు."

రెండో రౌండబౌటు దాటాక ఆమె "బండి ఆపన్నా" అంది. పచారీ కొట్టు పక్కన ఆపాడు.

"కన్నమేసినదాని మాదిరి కనపడ్తాండానా నీకు?"

"అయ్యో, ఊరికే నవ్వులాటకంటి తల్లీ."

"మా తాతనూ నవ్వులాటకే అడిగేవాళ్లంట. పన్నెండేండ్ల పిల్లోడప్పుడు బొటనేలు పట్టుకోని సిరాలో ముంచినారు. ఏమి చేసినాడని? ఏమీ చేయలా. పుట్టినాడు. అంతే. రాత్రి రెండుసార్లు పోయి హాజరీయాల. పక్కూరి సంతకు పోవాలన్నా చీటీ. చీటీ లేకుంటే జైలు. మిషను మింద నాలుగుసార్లు నొక్కమన్యారే లోపల, మా తాత యేలే కండ్లల్లో కనపడింది నాకు." ఆమె అద్దంలోంచి సూటిగా చూసింది. "మేము ఎరుకలోళ్లం. ఈడ ఎవురికీ చెప్పలా. ఊరడిగితే ఊరు చెప్తా, ఇంటిపేరడిగితే మాట మారుస్తా. నీకు చెప్పినా. ఇంకెవురికాడా అనొద్దు."

"అనను."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఆమె అంతటితో వదిలేసింది. ఓబులేసు వదల్లేకపోయాడు. బతుకంతా కాచుకుని కూర్చోవడమే పనైనవాడికి ఫోనుంటుంది, ఫోన్లో అన్నీ ఉంటాయి. మాల్ ముందు, ఆసుపత్రి ముందు, బడి గేటు ముందు, స్టీరింగు మీద ఫోను ఆనించుకుని వినడం మొదలుపెట్టాడు. ఎవరో పంతులమ్మ పాఠం చెప్పినట్టు చెప్పే వీడియోలు, ఒక్కొక్కటి గంటన్నర. ఇంటర్లో చరిత్ర క్లాసులో నిద్రపోయినవాడు ఇప్పుడు ఆపి, వెనక్కి తిప్పి మరీ విన్నాడు.

ఎరుకలవాళ్లు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు తెచ్చి మెట్ట ఊళ్లలో అమ్ముకునేవాళ్లట, తిరిగిపోతూ ధాన్యం మోసుకుపోయేవాళ్లట. తెల్లదొరలు ఉప్పును గుప్పిట్లో పెట్టుకున్నారు. రైలొచ్చింది. అడవికి హద్దులు పడ్డాయి, బుట్టల కోసం బెత్తం కోసినా నేరమైంది. బతుకుతెరువంతా లాగేసుకున్నాక వాళ్లకు తిరగడం ఒక్కటే మిగిలింది. తిరిగేవాడు శిస్తుకు దొరకడు. అందుకని 1871లో చట్టం చేశారు: కొన్ని కులాలు పుట్టుకతోనే నేరస్తులు. మన మద్రాసు వైపు అది 1911 తర్వాత గట్టిగా దిగింది. ముద్రలు, హాజరు, చీటీలు, కంచె వేసిన కాలనీలు. తల్లి ఒకచోట, పిల్లలు ఒకచోట. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్ని మొత్తంగా తీసేయడానికి 1952 దాకా పట్టింది. చట్టం పోయింది, పోలీసు చూపు పోలేదు. ఇంకా ఎక్కడెక్కడో దేశాల్లో, ఆ ఈకలవాళ్ల నేలల్లో కూడా, ఇదే పద్ధతి: ముందు నేల తీసుకో, తర్వాత ఆ నేలవాణ్ని దొంగ అను.

ఓబులేసుకు ఒళ్లు మండింది. తెల్లవాడి మీద మండింది. పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ సొరుగులో ఉన్నవాడు, చెప్పకుండా గేటు దాటితే పారిపోయాడని కేసు పెట్టించుకునే వాడు, చీటీ లేకపోతే జైలంటే ఏమిటో తనకే బాగా తెలుసనుకున్నాడు. ఆ మంటలో ఒక సుఖం కూడా ఉంది. తప్పు చేసినవాడెవడో ఓడెక్కి పోయినవాడు, తను కాదు.

ఆ సుఖం బడి గేటు ముందు ఒక మంగళవారం మధ్యాహ్నం పోయింది. వీడియోలో పంతులమ్మ మామూలుగా అన్న మాట: "ప్రతి ఊళ్లో పోలీసు ఉండడు కదా. పల్లెల్లో ఈ హాజరు తీసుకున్నది గ్రామ మునసబులు."

ఓబులేసు తాత మునసబు.

ఇంట్లో చెప్పుకున్న గొప్పలన్నీ ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. మీ తాత దగ్గితే దొంగనాయాళ్లు ఉచ్చ పోసుకునేవాళ్లు. మీ తాత ఉన్నన్నాళ్లూ ఊళ్లో కోడి పోలేదు. మీ తాత చేతిరాత ముత్యాలు. ట్రంకుపెట్టెలో ఎర్రగుడ్డ అట్ట పుస్తకం. చిన్నప్పుడు దాంట్లో వేలిముద్రలు చూసి అవి సీతాకోకచిలకలనుకున్నాడు.

ఊళ్లో ఉన్న పెద్దక్కకు ఫోను చేశాడు.

"అక్కా, తాత ఎర్రట్ట పుస్తకం ఉండాదా?"

"ఉండకేమి. దాని మింద ఊరగాయ జాడీ పెట్టినా. ఎత్తు సరిపోయింది."

"జాడీ తీసి, పేజీలన్నీ ఫోటోలు కొట్టి పంపు."

"ఏందిరా ఓబులా, భూముల సంగతా? మీ బావ ఎప్పుడో చూసినాడు. సెంటు భూమి లేదందులో. అన్నీ దొంగల పేర్లే."

"దొంగలని నీకెవురు చెప్పినారు?"

"తాత రాసినాడు గదా. తాతేమన్నా అబద్ధాలు రాస్తాడా?"

"ఫోటోలు పంపక్కా."

"కువైట్ ఎండకు నీకు బుర్ర కరిగినట్టుందిరా" అని తిట్టుకుంటూనే పంపింది. పదిహేడు ఫోటోలు. చాలావాటిలో మూలకు అక్క బొటనవేలు పడింది, ఆ పక్కనే తొంభై ఏళ్ల నాటి బొటనవేళ్లు.

ముప్పై ఒక్క మంది. వరస నంబరు, పేరు, తండ్రి పేరు, ఒంటి మీద గుర్తు, ముద్ర. "సుంకడు, తండ్రి గంగడు, ఎడమ చెవి చీలిక." "నాగి, మొగుడు సుంకడు, మెడ మీద కాలిన మచ్చ." "ఓబిగాడు, వయస్సు పన్నెండు, గుర్తు ఏమియూ లేదు." తన పేరే. ఆ పిల్లవాడికి గుర్తు లేకపోతే ముద్ర రెండు చేతులదీ వేయించారు. వెనక పేజీల్లో తేదీలు, ప్రతి రాత్రికీ రెండు గళ్లు. తొమ్మిదో నంబరు వాడి గడి ఒక రాత్రి ఖాళీగా ఉంది. దాని ఎదురుగా ముత్యాల్లాంటి అక్షరాల్లో తాత రాశాడు: "భార్యకు కాన్పని చెప్పెను. నమ్మదగినది కాదు. కచ్చేరీకి పంపడమైనది."

ఆ వాక్యాన్ని ఓబులేసు ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. కాన్పు ఏమైందో పుస్తకంలో లేదు. బిడ్డ ఉందో పోయిందో రాయలేదు. రాయాల్సిన అవసరం ఆ ముత్యాల చేతికి కనిపించలేదు. ఇదేమీ లండన్లో కూర్చున్న దొర రాసింది కాదు. సొంత తాత, ఇంటి అరుగు మీద, లాంతరు పెట్టుకుని, పొరుగునున్న మనిషి మొహం చూస్తూ రాశాడు. దొరకు చట్టమే తెలుసు, తాతకు ఆ మనిషి ఇల్లు కూడా తెలుసు.

మర్నాడు పెరట్లో బట్టలారేస్తున్న మునిలక్ష్మికి ఫోటోలు చూపించాడు. ఆమె వేలితో జరుపుకుంటూ పదిహేడూ చూసి ఫోను తిరిగిచ్చింది.

"మా ఊరిది కాదు" అంది. అంతే. దుప్పటి విదిలించి తీగ మీద వేసింది.

ఆ వారమే ఆంజనేయప్రసాద్ ఫోను చేశాడు. ఆయన చమురు కంపెనీలో ఇంజనీరు, విజయవాడ మనిషి, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడతానని ఆయనకు గట్టి నమ్మకం.

"ఏమయ్యా కోయదొరా, రిహార్సల్ అక్కర్లేదు కానీ చిన్న మార్పుందోయ్. ఈసారి వాచీ కాదు, మా సీతాలక్ష్మి మెళ్లో నెక్లెస్ కొట్టేస్తున్నావ్. పిల్లలు చచ్చిపోతారు నవ్వలేక."

"నేనెయ్యను సార్ ఆ యేషం."

"ఏంటి, ఒంట్లో బాలేదా?"

"బాగుండాది. అది తప్పు సార్. ఆ జనాన్ని దొంగలని ముద్రేసి తరాలు తరాలు నాశనం చేసినారు. మనం స్టేజీ ఎక్కి మళ్లా అదే ముద్ర కొడ్తాండాం."

"అబ్బబ్బా. కామెడీని కామెడీగా చూడాలి ఓబులేసు. ఇక్కడ ఆ జనం ఎవరున్నారయ్యా బాధపడ్డానికి?"

అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ వాదనలో గెలవాలన్న కోపం మనిషిని గుడ్డివాణ్ని చేస్తుంది.

"ఎవురున్నారా? మా యింట్లో పనిచేసే మునిలక్ష్మి ఎరుకలామె సార్. శుక్రవారం శుక్రవారం మీ యింటికొచ్చి మీకు పప్పూ సంగటీ చేసిపెట్టేదామే. ఆమె కడుపులో ఎంత ఉండాదో మీకేమి తెల్సు?"

"ఓహో" అన్నాడు ఆంజనేయప్రసాద్. "సరే, ఆలోచిద్దాం." ఓబులేసు తను గెలిచాననుకున్నాడు.

మునిలక్ష్మికి శుక్రవారం సెలవు. ఆ రోజు ఆంజనేయప్రసాద్ భార్య సీతాలక్ష్మి దగ్గరికి, వాళ్లింటికి పోయేది. పనే చేసేది, నిజమే. కానీ అక్కడ వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని గట్టిగా తెలుగులో మాట్లాడొచ్చు, వాళ్ల పాపకు జడ వేయొచ్చు, ఉలవచారు వాసన పీల్చొచ్చు. వారమంతా "యల్లా మునీ, యల్లా" అని తరిమించుకునే మనిషికి అది ఒక్కటే కిటికీ.

ఆ శుక్రవారం సాయంత్రం దాకా ఉండాల్సిన మనిషి మధ్యాహ్నానికే వచ్చేసింది. ఓబులేసు వాకిట్లో కారు కడుగుతున్నాడు. ఆమె గేటు వేసి తిన్నగా ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"చెప్పేసినావు గదన్నా."

పైపులోంచి నీళ్లు ఆయన చెప్పుల మీద పడుతున్నాయి.

"బీరువాకు కొత్త తాళమేసినారు. పడకగది మూసినారు. నేను వంట చేసిందాకా మేడమ్ కుర్చీ వేసుకోని వంటింట్లోనే కూచుండె. పోయేటప్పుడు, 'ఏమనుకోకు మునిలక్ష్మీ, పాప హెయిర్‌క్లిప్పు కనిపించట్లేదు, బ్యాగొకసారి చూపిస్తావా' అనె. చూపించినా. టిఫిన్ డబ్బా మూత తీసి కూడా చూపించినా. పాప వచ్చి నా పక్కన నిలబడితే 'నువ్వు లోపలికి పో' అనె."

"నేను నీ తరపునే మాట్లాడినా తల్లీ. ఆ యేషం ఆపించాలని..."

"నా తరపున నిన్నెవురు మాట్లాడమన్యారు?" ఆమె గొంతు పెరగలేదు, పెరిగితే బాగుండేది. "తెలుసుకున్యావు, బాగుంది. కోపమొచ్చింది, అదీ బాగుంది. నీ కోపం మండేదానికి నా పేరు కట్టె మాదిరి పెడ్తావా పొయ్యిలో? అమ్మ మీద ఒట్టు పెట్టి మరీ? ఆరేండ్లన్నా. ఆరేండ్లు ఆ ఇంట్లో నేను ఉత్త మునిలక్ష్మిని. ఒక్క ఫోన్లో దొంగదాన్ని చేసినావు."

"పోయి ఆ మేడమ్‌తో మాట్లాడ్తా..."

"పోవాకు! ఇంకొక్క మాట కూడా నా గురించి ఎవురికాడా మాట్లాడాకు. నీకంత చెప్పాలనుంటే మీ తాత లేడా? ఆయన పుస్తకం లేదా? మీ యింటి సంగతి చెప్పుకో పో. దానికి ఎవురి పర్మిషనూ అక్కర్లేదు నీకు."

ఆమె లోపలికెళ్లిపోయింది. ఓబులేసు నీళ్లు ఆపడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. తాతకూ తనకూ తేడా ఎంతని లెక్కేసుకుంటే పెద్దగా తేలలేదు. తాత పేర్లు రాసి కచ్చేరీకి పంపాడు. తను ఒక పేరు ఫోన్లో పంపాడు. పంపినవాళ్లిద్దరూ మంచిపనే చేస్తున్నామనుకున్నారు.

ఆ రోజే ఆంజనేయప్రసాద్‌కు ఫోను చేశాడు. "చేస్తా సార్. ఆఖరి ఐటం నాదే."

"అదీ! నాకు తెలుసయ్యా నువ్వు కాదనవని."

వార్షికోత్సవం ఫహాహీల్లో అద్దె హాలులో. మూడు గంటలకే జనం నిండారు. గ్రూప్ డాన్సులు, జ్ఞాపికలు, స్పాన్సర్ల ఉపన్యాసాలు అయ్యాయి. తెర వెనక నాగరాజు డప్పు వేడి చేసుకుంటూ ఓబులేసును ఎగాదిగా చూశాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. డ్యూటీ బట్టలు.

"ఏంది మామా, మసేదీ? ఈకలేవీ?"

"లేవు. డప్పు కొట్టాకు ఈరోజు. ఊరికే నిలబడు."

"ఉత్త చేతుల్తో నిలబడి ఏం చేసేది?"

"నాకు తోడుంటావు."

తెర లేచింది. ఆంజనేయప్రసాద్ కుర్చీలో నవ్వుతూ కూర్చుని ఉన్నాడు. పక్కన సీతాలక్ష్మి, మెళ్లో నెక్లెస్ సర్దుకుంటూ. ఓబులేసు మైకు ముందుకొచ్చాడు. వేషం లేకపోయినా మనిషిని చూడగానే హాలు గొల్లుమంది. ఇదేదో కొత్త రకం జోకు అనుకున్నారు.

ఫోను తీసి చదివాడు. "ఒకటో నంబరు. సుంకడు, తండ్రి గంగడు. ఎడమ చెవి చీలిక."

నవ్వు.

"రెండో నంబరు. నాగి, మొగుడు సుంకడు. మెడ మీద కాలిన మచ్చ."

ఇంకా పెద్ద నవ్వు. వెనక వరసలోంచి ఎవడో "ప్రెజెంట్ సార్!" అని అరిచాడు. ఆ మాటకు హాలంతా విరగబడింది. ఓబులేసు ఆగలేదు. మూడు. నాలుగు. ప్రతి పేరుకూ నవ్వే. పదకొండేళ్లు ఏ నవ్వు కోసం బతికాడో అదే నవ్వు, అవే నోళ్లు. ఆ నోళ్లకు నవ్వడం నేర్పింది తనే. అయిదో పేరు చదివి ఆయన ఫోను దించాడు. ఆంజనేయప్రసాద్ ఇంకా జాతకం కోసం చెయ్యి చాపుకునే ఉన్నాడు, మణికట్టు మీద వాచీ లైట్లకు మెరుస్తోంది.

"సార్, ఆ చెయ్యి దించండి" అన్నాడు ఓబులేసు మైకులో. "ఈరోజు దొంగ మా తాత."

అప్పుడు నవ్వు సన్నబడింది.

"మా తాత మునసబు. ఈ ముప్పై ఒక్కమందిని ప్రతి రాత్రీ రెండుసార్లు లేపి లెక్కపెట్టినాడు. ఏమి దొంగిలించినారని ఈ పుస్తకంలో యాడా లేదు. నేను మొత్తం ఎతికినా. పన్నెండేండ్ల పిల్లోడుండాడు, నా పేరే వానిది. ఏం చేసినాడని రాయలా. తొమ్మిదో నంబరోడు పెండ్లానికి కాన్పని ఒక రాత్రి హాజరుకు రాలా. మా తాత నమ్మలా. నమ్మదగినది కాదని రాసి కచ్చేరీకి పంపినాడు. ఆయన మనవడు ఇదే స్టేజీ మీద మసి పూసుకోని పదకొండేండ్లు మీకు నవ్వు పుట్టించినాడు. మీరూ..."

మైకు పోయింది. ఎవరో తీగ లాగారు. ఆంజనేయప్రసాద్ లేచి, నవ్వు మొహం చెదరకుండానే పళ్ల మధ్య నుంచి అన్నాడు: "ఏంటయ్యా ఇది? చిన్నపిల్లలున్నారు. పండగపూట కులాలు తెస్తావేంటి మధ్యలో?"

"పదకొండేండ్లు తెచ్చినా సార్. అప్పుడు చప్పట్లు కొట్టినారు."

"దిగు ముందు."

ఓబులేసు దిగలేదు. మైకు లేకుండానే చదివాడు. ఆరు, ఏడు, ఎనిమిది. డీజేవాడు పాట పెట్టాడు. పాట మీదికి గొంతెత్తాడు. పన్నెండు, పదమూడు. ఇద్దరు వాలంటీర్లు చెరో రెక్కా పట్టుకున్నారు. నాగరాజు డప్పు కిందపెట్టి వాళ్లకు అడ్డమొచ్చాడు, ఎందుకో వాడికీ తెలీదు. పద్నాలుగో పేరు దగ్గర అందరూ కలిసి మెట్ల మీదికి దొర్లారు. మిగతా పదిహేడు పేర్లూ ఓబులేసు పార్కింగులో చదివాడు. విన్నది నాగరాజు ఒక్కడే. ఆఖరి పేరు అయ్యాక వాడు "ఖలాసా మామా?" అనడిగాడు, నెమ్మదిగా.

ఆ వీడియో ఆ రాత్రికే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. కింద చేతులు జోడించిన బొమ్మలు నాలుగైదు. మిగతావన్నీ తిట్లు. సంఘం గ్రూపులోంచి ఓబులేసును తీసేశారు. పెద్దక్క ఊరి నుంచి ఫోను చేసి, చచ్చిపోయిన తాతను ఊరుగాని దేశంలో బజారున పెట్టావని గంటసేపు ఏడ్చి, ఆఖర్న "ఆ కాన్పు సంగతి నిజమేనంట్రా? నేను అంత దూరం సదవలా" అంది. జాడీ ఇప్పుడు ఇటుక మీద ఉంది.

ఫహాహీల్ బస్టాపులో ఇప్పుడు ఎవరూ "దొరా" అనరు. మొన్నొకడు వెనక నుంచి "ఏరా ఎరుకలోడా!" అన్నాడు, తిట్టాననుకుని. ఓబులేసు తిరిగి చూశాడు. కన్ను మూయలేదు, మెడ వంచలేదు.

"కాదు. మునసబు మనవణ్ని" అన్నాడు. "తిట్టాలంటే ఆ పేరు పెట్టి తిట్టు."

రెండు వారాలన్నది నెల దాటాక మునిలక్ష్మిని మళ్లీ సెంటరుకు తీసుకెళ్లాడు. అన్ని రోజులూ వేళ్లకు వాసలీను రాసుకుని, గ్లవ్స్ వేసుకునే నేల తుడిచింది. శుక్రవారాలు ఇప్పుడు తన గదిలోనే ఉంటోంది. ఈసారి ముద్ర పడింది. వచ్చి వెనక సీట్లో కూర్చుని బొటనవేలును కొంగుతో తుడుచుకుంది. దాని మీద సిరా లేదు, అయినా తుడుచుకుంది.

"వీడియో చూసినా" అంది.

ఓబులేసు అద్దంలోకి చూడలేదు.

"పద్నాలుగు దగ్గర ఆపేసినారు."

"మిగతావి బయట చదివినా."

"ఊఁ. మా ఊరి పుస్తకం ఎవురింట్లో ఉందో. మా తాత ముద్ర యాడో ఒకచోట ఉండాల గదా. ఆ మునసబు మనవడొకడు ఈ కువైట్లోనే ఉండాడని మా అమ్మ అంటాంటాది. జహ్రా పక్క యాడో నీళ్ల ట్యాంకరు తోల్తాడంట. కనుక్కోని, ఆ పుస్తకం ఉండాదేమో అడుగు. నువ్వడిగితే చెప్తాడు. మీరూ మీరూ ఒకటే గదా."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "అడుగుతా" అన్నాడు.

"నా పేరు చెప్పాకు."

"చెప్పను."

"పోయినసారీ అదే అంటివి."

ఓబులేసు ఈసారి ఒట్టు పెట్టలేదు. ఆమె పెట్టమని అడగనూ లేదు. బండి స్టార్టు చేసి, జహ్రాలో ట్యాంకర్లు తోలే కడపవాళ్లు ఎవరెవరున్నారో గుర్తు చేసుకుంటూ రోడ్డెక్కించాడు.